ముత్తవ్వ ఫ్రెంచి క్లాసు

కోరుట్లలో జగిత్యాల రోడ్డు పక్కన వెన్నెల స్కూలు ఉంది. కింద రెండంతస్తుల బిల్డింగు, పైన రేకుల షెడ్డు. 2011 జూన్‌లో ముత్తవ్వ ఆ బడిలో ఆయాగా చేరింది. నర్సరీ పిల్లల ముక్కులు తుడవడం, నీళ్ళ బాటిళ్ళ మూతలు బిగించడం, చెప్పులు కుడీ ఎడమా చూసి తొడగడం ఆమె పని. పిల్లలకు ఆమె ఆయమ్మ. కరస్పాండెంటు వెంకటేశం సారుకూ ఆయమ్మే. ఆమె అసలు పేరు ఆయనకు రిజిస్టరు చూస్తే గాని గుర్తుకొచ్చేది కాదు.

చేరిన పదో రోజున మనీషా అనే నాలుగేళ్ళ పిల్ల, తల్లి గేటు దాటగానే గుక్కపట్టి ఏడ్చింది. ముత్తవ్వ ఆ పిల్లను చంకనేసుకుని వరండాలో అటూ ఇటూ తిరుగుతూ చెవిలో ఏదో చెబుతోంది. కాసేపటికి పిల్ల ఏడుపు మరిచి ఆమె పెదవుల వంకే చూడసాగింది. మెట్లు దిగి వస్తున్న వెంకటేశం సారు ఆగిపోయాడు.

“ఏం భాష గది ఆయమ్మా? ఉర్దూ గాదు, ఇంగ్లీషు గాదు.”

“ఫ్రెంచి సార్.”

“ఫ్రెంచా! నీకెట్లస్తది?”

“కువైట్‌ల ఫ్రెంచోళ్ళ ఇంట్ల పన్నెండేండ్లు పిల్లల్ని సాదిన సార్. ఏడ్చే పిల్లను ఎత్తుకుంటే గదే నోట్లకెళ్ళి అస్తది. తప్పైతే మానేస్త.”

“మానేసుడేంది! ఇంకొంచెం మాట్లాడు, ఇంటా.”

ముత్తవ్వ సిగ్గుపడి కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

ఆమెది కథలాపూర్. సెంటు భూమి లేని ఇల్లు. తల్లి నాట్లకు పోతే చెల్లెలు నర్సవ్వను ఎత్తుకుని గట్టు మీద కూర్చోవడమే ఆమె చదువు. సిరిసిల్లలో సాంచలు నడిపే మల్లేశంతో పెళ్ళయింది. మరమగ్గాలను అక్కడ సాంచలంటారు. ఆ చప్పుడు మధ్య బతికి బతికి మల్లేశం ఇంట్లో కూడా కేకేసినట్టే మాట్లాడతాడు. సాంచలు సగం రోజులు ఆగిపోయే కాలం ఒకటి వచ్చింది. అప్పుడు జగిత్యాల ఏజెంటును పట్టుకుని ముత్తవ్వ కువైట్ పోయింది. ఆరేళ్ళ బిడ్డను కథలాపూర్‌లో తల్లి దగ్గర వదిలిపెట్టింది. ఆ బిడ్డ ఇప్పుడు ముస్తాబాద్‌లో కాపురం చేసుకుంటోంది. తల్లి కంటే అమ్మమ్మ దగ్గరే ఎక్కువ చనువు. ముత్తవ్వ దాని గురించి ఎవరితోనూ మాట్లాడదు.

కువైట్ ఇంట్లో మొదటి ఏడాది ఆమె మూగదానిలా ఉంది. అప్పుడే ఆ ఇంట్లో లూకా పుట్టాడు. వాడి తల్లి వాడికి చెంచా చూపించి ఆ మాట చెబితే, తలుపు దగ్గర నిలబడి ముత్తవ్వ కూడా ఆ మాట నేర్చుకుంది. వాడు నీళ్ళు అడగడం నేర్చిన రోజున ఆమెకూ నీళ్ళు అడగడం వచ్చింది. వాడు అలగడం నేర్చాడు, ఆమె బుజ్జగించడం నేర్చింది. వాడికి పదకొండేళ్ళు నిండాక ఆ కుటుంబం తమ దేశం వెళ్ళిపోయింది. మల్లేశం సిరిసిల్లలోనే సాంచల దగ్గర ఉండిపోయాడు; ముత్తవ్వ తిరిగి వచ్చి కోరుట్లలో చెల్లెలి ఇంటి పక్కగదిలో బీడీలు చేస్తూ మూడేళ్ళు గడిపింది. ఆ భాష ఎక్కడా పనికిరాదనే అనుకుంది.

వెంకటేశం సారు మాత్రం అలా అనుకోలేదు. కోరుట్లలో సగం ఇండ్ల మగవాళ్ళు గల్ఫ్‌లోనే ఉంటారు. పిల్లల చదువు గురించి ఫోన్లలో తగాదాలు పడతారు. పక్క సందులో కొత్తగా వచ్చిన స్కూలు కంప్యూటరు పెట్టింది. వారం తిరక్కుండా వెన్నెల స్కూలు గోడ మీద పెద్ద అక్షరాలు వెలిశాయి: నర్సరీ నుండే ఫ్రెంచి.

“రేపటి సంది నువ్వు ఫ్రెంచి మేడమ్మి. నర్సరీ నుంచి రెండో తరగతి దాంక రోజుకొక గంట చెప్పు,” అన్నాడు సారు. ఆ రోజు నుంచి ఆమెను ముత్తవ్వా అని పేరు పెట్టి పిలవసాగాడు.

“నాకు పాఠం చెప్పుడు రాదు సార్.”

“మొన్న గా పిల్లకు చెప్పినవ్ గదా. గట్లనే.”

ఆమె నిజంగానే అలాగే చెప్పింది. నలభై మంది పిల్లలను బల్లల మీద కూర్చోబెట్టలేదు. వరండాలోకి తీసుకొచ్చి, లూకాను పెంచినట్టే పెంచడం మొదలుపెట్టింది. టిఫిన్ డబ్బా మూత తీస్తూ ఆ మాట, అరటిపండు తొక్క వలుస్తూ ఆ మాట. ఒకరి జడ ఒకరు సవరించుకుంటుంటే “దూస్మాఁ, దూస్మాఁ” అనేది, మెల్లగా మెల్లగా అని. నల్లా దగ్గర గచ్చు జారుడు. అందుకని అక్కడికి వరుసగా తీసుకుపోవడానికి ఒక ఆట కట్టింది. “దబూ” అంటే లేచి నిలబడాలి. “అవాఁస్” అంటే ముందుకు. “రెక్యూల్” అంటే ఉన్నపళంగా వెనక్కి. కడుక్కోవడం అయ్యాక ఎవరి చేతులు ఎండకు మెరిస్తే వాళ్ళు గెలిచినట్టు. పిల్లలు ఇంటికి పోయి కూడా ఆ ఆటే ఆడేవాళ్ళు. ఆమె ఎప్పుడూ “ఇది ఫ్రెంచిలో ఏమంటారు” అని అడగలేదు. ఏ పిల్లా తాను పాఠం నేర్చుకుంటున్నట్టు అనుకోలేదు.

చిక్కు అక్కడే వచ్చింది. ఆగస్టులో మనీషా తల్లి శ్రావణి నోట్‌బుక్కు పట్టుకుని ఆఫీసుకొచ్చింది. ఆమె భర్త దుబాయ్‌లో క్రేను నడుపుతాడు. ఆమె మాట కూడా క్రేనులాగే పైకి లేపి కింద పెడుతుంది.

“సార్, గిదేంది? రెండు నెలలాయె, నోట్‌బుక్కుల ఒక్క గీత లేదు. మా ఆయన ఫోన్ల అడుగుతున్నడు, ఫ్రెంచి నోట్సు ఫోటో పంపుమని. తెల్ల కాయితం ఫోటో పంపాల్నా?”

ఆ ఊళ్ళో బడి అంటే నోట్‌బుక్కే. సాయంత్రం బ్యాగు తెరిచి, ఎన్ని పేజీలు నిండాయో చూసి, కింద ఎర్ర టిక్కు ఉందో లేదో చూసి తల్లులు ఆ రోజు చదువును లెక్కగడతారు. పిల్లల నోట్లో ఏ మాట ఉందో చూసే అలవాటు ఎవరికీ లేదు.

వెంకటేశం సారు జగిత్యాలలో పుస్తకాల షాపుకు చెప్పి హైదరాబాద్ నుంచి ఫ్రెంచి వాచకాలు తెప్పించాడు. బొమ్మలతో నున్నగా ఉన్నాయి. ముత్తవ్వ చేతిలో ఒకటి పెట్టి, “ఇగ రోజుకొక పేజీ బోర్డు మీద రాయి, పోరగాండ్లు నోట్సుల ఎక్కించుకుంటరు,” అన్నాడు.

ముత్తవ్వ పుస్తకాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. ఆమెకు ఏ భాషలోనూ ఒక్క అక్షరం రాదు. పాస్‌పోర్టు మీద కూడా వేలిముద్రే. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయింది. “సరే సార్,” అంది.

వారం రోజులు బొమ్మలు చూపించి నెట్టుకొచ్చింది. సెప్టెంబరు మొదట్లో సారు క్లాసుకు వచ్చి ఖాళీ బోర్డు చూశాడు.

“దసరా సెలవులలోపట నోట్సులల్ల రాత కనబడాలె ముత్తవ్వా. లేదంటే హైదరాబాద్ కెళ్ళి చదువుకున్న టీచర్ని తెస్త. నీకు నర్సరీల ఆయా పని ఎటూ ఉన్నది, బుగులు పడకు.”

ఆయా పని అంటే ఆమెకు చిన్నతనం లేదు. ముక్కులు తుడవడం ఆమెకు ఇష్టమే. కాని నలభై నోళ్ళలో ఇప్పుడిప్పుడే మాట తిరుగుతోంది. పుస్తకం పట్టుకుని వచ్చే మనిషి ముందు ఆ నోళ్ళు మూతపడతాయి. ఆ సంగతి ఆమెకు ఒక్కదానికే తెలుసు, చెప్పే దారే తెలియదు. చెప్పాలంటే తనకు రాయడం రాదన్న మాటతో మొదలుపెట్టాలి.

రాయడం రాని సంగతి మాత్రం ఇంకొకరికి కూడా తెలిసింది. రెండో తరగతి టీచరు ప్రవళిక ఎవరితోనూ ఎక్కువ మాట్లాడని పిల్ల. డిగ్రీ మధ్యలో ఆగిపోయి ఇక్కడ చేరింది. ముత్తవ్వ వాచకాన్ని తలకిందులుగా తెరిచి, బొమ్మ కనిపించాక తిప్పుకోవడం ఆమె రెండుసార్లు చూసింది. ఒకరోజు సాయంత్రం చెప్పులు విడిచే చోట నిలబడి నేల చూస్తూ అంది.

“అక్కా, మా ఇల్లు ఈడనే. పొద్దుగూకేముందు ఒక గంట అస్తే నేను అక్షరాలు చూపెడత.”

ముత్తవ్వ ముఖం మాడిపోయింది. “ఎవరికన్న చెప్పినవా బిడ్డా?”

“చెప్తే ఈడ ఎందుకు నిలబడుత?”

ఆ మరుసటి వారమే సకల జనుల సమ్మె మొదలైంది. ఆఫీసులు మూతబడ్డాయి, బడులు మూతబడ్డాయి, తర్వాత బస్సులు డిపోల్లోనే ఉండిపోయాయి. కోరుట్ల మెయిన్ రోడ్డు మీద టెంట్లు లేచాయి. ఊరంతా తెలంగాణ కోసం వీధిలో ఉంటే, ముత్తవ్వ ప్రవళిక ఇంటి అరుగు మీద పలక పట్టుకుని కూర్చునేది. బీడీ ఆకును కంటితోనే కొలిచి కత్తిరించగల చేయి ఇంగ్లీషు ‘ఏ’ గీయడానికి నాలుగుసార్లు చెరిపేది. పదిహేను రోజులకు ఇరవై ఆరు అక్షరాలూ గీసింది గాని, రెండు పక్కపక్కన చేర్చితే ఏ శబ్దమో ఆమెకు అందలేదు. ఒకరోజు పలక పక్కన పెట్టి, పాల వ్యానులో సిరిసిల్ల పోయింది.

మల్లేశం సాంచల మధ్య నిలబడి తెగిన పోగు ముడేస్తున్నాడు.

“ఏమే ఫ్రెంచి పంతులమ్మా! సమ్మెల పడి మొగడు యాదికచ్చిండా?” అని అరిచాడు.

“ఈడ కండెలకు నూలు చుట్టే పనేమన్న ఉన్నదా?”

“ఎవరికి?”

“నాకే. ఆళ్ళు రాసుడు అడుగుతున్నరు. నాకు చేతనైతలేదు. ఆళ్ళు ఎల్లగొట్టకముందే నేనే పోతే మర్యాద.”

మల్లేశం సాంచ ఆపాడు. చప్పుడు ఆగినా గొంతు తగ్గించలేదు. “నేను ముప్పై ఏండ్ల సంది బట్ట నేస్తున్న. గీ మిషిన్ మీద ఏం రాసున్నదో ఇప్పటిదాంక చదవలే. గట్లని నేను నేసిన బట్ట ఎవ్వడన్న కట్టుకోలేదా?”

“నీ బట్ట కనబడతది. నా పని కనబడది.”

మల్లేశం నూనె చేతులు తుడుచుకున్నాడు. టీ తెప్పించి, మళ్ళీ పాల వ్యాను ఎక్కించాడు.

బతుకమ్మ పండుగ అయింది, దసరా వెళ్ళింది, సమ్మె ఆగలేదు. ప్రైవేటు స్కూళ్ళ వంతు వచ్చిన రోజున అన్ని బడుల వాళ్ళూ కలిసి రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. రోడ్డుకడ్డంగా రాళ్ళ పొయ్యిలు, వాటి మీద పెద్ద పెద్ద గంజులు, ఒకదాంట్లో అన్నం, ఒకదాంట్లో పప్పుచారు. వండినంతసేపూ, తిన్నంతసేపూ రోడ్డు నడవదు. అదే నిరసన. వెన్నెల స్కూలు తరఫున వంట ముత్తవ్వకు అప్పగించారు. ఆమె నలభై మంది పిల్లలూ తల్లులతో వచ్చి తారు రోడ్డు మీద వరుసగా కూర్చున్నారు. నెల రోజుల తర్వాత ఆమెను చూసి ఈలలు, కేకలు.

టెంటులో ఒక సర్కారు బడి పంతులు మైకు పట్టుకుని మాట్లాడుతున్నాడు. “మన మాట పుస్తకాలల్ల లేదని మనను చూసి నవ్విండ్రు. సినిమాలల్ల దొంగలకు పెట్టిండ్రు మన మాట. పుస్తకంల లేనంత మాత్రాన అది మాట గాకుంట పోతదా?”

అందరూ చప్పట్లు కొట్టారు. ముత్తవ్వ గరిటె తిప్పడం ఆపి, ఆ మాట మళ్ళీ చెబుతాడేమోనని చూసింది. ఆయన వేరే సంగతిలోకి వెళ్ళిపోయాడు.

అన్నం ఉడికింది. గంజి వార్చాలి. ఇద్దరు మగ టీచర్లు తడిగుడ్డలతో గంజు అంచులు పట్టుకుని వంచారు. వాళ్ళలో ఒకరికి చేయి కాలింది. గంజు పక్కకు ఒరిగి, పొగలు కక్కుతూ గంజి రోడ్డు మీదికి దుమికింది. రోడ్డు ఆ వైపుకే వాలుంది. పిల్లలు కూర్చున్నది ఆ వైపే.

“లెవ్వుండ్రి!” “ఉరుకుండ్రి!” “ఏ, కదలకుండ్రి!” “మనీషా! ఇటు రాయే!”

తలా ఒక కేక. పిల్లలు ఎవరి మాట వినాలో తెలియక బిత్తరపోయి చూస్తున్నారు. ఒకరిద్దరు తల్లుల వైపు, గంజికి ఎదురుగా పోవడానికి లేవబోయారు.

“దబూ!”

గరిటె చేతిలోనే ఉంది ముత్తవ్వకు. నల్లా దగ్గర అరిచే గొంతే అది. నలభై మంది ఒక్కసారి లేచి నిలబడ్డారు.

“రెక్యూల్! రెక్యూల్! అంకోర్!”

ఇంకా, ఇంకా అంటోంది ఆమె. వరుస చెదరకుండా, ఒకరి కాలు ఒకరు తొక్కకుండా, నలభై జతల కాళ్ళు అడుగడుగునా వెనక్కి పోయాయి. నర్సరీ పిల్లలు కూడా. వాళ్ళు కూర్చున్న చోటంతా గంజి పారింది. ఎవరిదో ఒక రబ్బరు చెప్పు అందులో మిగిలిపోయింది. ఆఖరున మనీషా గంజి వైపు వేలు చూపించి పక్క పిల్లతో గంభీరంగా “సె షో” అంది. వేడిగా ఉంది అని.

తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు. శ్రావణి పరుగెత్తి బిడ్డను ఎత్తుకుని, తడిమి తడిమి చూసి, ముత్తవ్వ చేయి పట్టుకుంది. ఏడుపు ఆపుకోవడానికి తిట్టింది. “ఏం పిలగాండ్లమ్మా! నేను మొత్తుకుంటే ఇనలేదు, నీ మాటకు మిల్ట్రీ లెక్క కదిలిండ్రు!”

వెంకటేశం సారు ఛాతీ విరుచుకుని మైకు దగ్గరికి పోయాడు. “చూసిండ్రా! మా వెన్నెల స్కూల్ ఫ్రెంచి! మా ఫ్రెంచి మేడం!”

పేపరు విలేకరి నర్సన్న కెమెరా తీసుకుని ముందుకొచ్చాడు. తెల్ల చార్టు, లావు స్కెచ్ పెన్ను ముత్తవ్వ చేతిలో పెట్టాడు. “మేడం, గీ చార్టు మీద జై తెలంగాణ అని ఫ్రెంచిల రాయుండ్రి. పిల్లల మధ్యల పట్టుకొని నిలబడుండ్రి. జిల్లా పేజీల పెద్దగ అస్తది.”

చుట్టూ జనం చేరారు. ముత్తవ్వ పెన్ను మూత తీసింది. నేర్చుకున్న అక్షరాలు ఒక్కొక్కటీ కళ్ళ ముందు తిరిగాయి, ఒక్కటీ నిలబడలేదు. గుంపు వెనక ప్రవళిక ముందుకు రాబోయి ఆగింది. ముత్తవ్వ ఆమె వంక చూసింది. చార్టు ఆమెకిస్తే గడిచిపోతుంది. చెయ్యి కాలిందంటే కూడా అందరూ నమ్ముతారు.

ముత్తవ్వ పెన్ను మూత పెట్టేసింది.

“నాకు రాయరాదు తమ్మీ. ఫ్రెంచి గాదు, తెలుగు గాదు, ఏదీ రాయరాదు. నేను సదువుకోలే.”

నర్సన్న నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు. వెంకటేశం సారు గోడ మీది పెద్ద అక్షరాలు గుర్తొచ్చినట్టు తల దించుకున్నాడు. “ఆయమ్మా, గిసొంటి ముచ్చట నలుగుర్ల ఎందుకు? బడి తెరిచినంక మాట్లాడుదాం,” అన్నాడు మెల్లగా.

ఆయమ్మా అన్న పిలుపు ముత్తవ్వకు వినబడింది. ఆ పక్కనే ఉన్న శ్రావణికి కూడా వినబడింది.

“ఏం మాట్లాడుతరు సార్?” అంది శ్రావణి. “నోట్సు ఖాళీ అని మొన్న మీ దగ్గర లొల్లి పెట్టింది నేనే. ఇప్పుడు చెప్తున్న ఇనుండ్రి. నా పిల్ల నోట్సుల రాసుకొని ఉంటే, ఈ యాళ్ళ గంజిల కూసునేది. రాసేటోళ్ళు ఊరికి పది మంది దొరుకుతరు. గిట్ల నేర్పేటోళ్ళను ఏడికెళ్ళి తెస్తరు?”

“గోడ మీద రాయించిన గదమ్మా! రేపు ఎవరన్న అడిగితే?”

“ఏమని రాయించిండ్రు? ఫ్రెంచి నేర్పుతమని. నేర్పింది గద!”

ఎవరో ఈల వేశారు. సారు నవ్వలేక నవ్వాడు. అప్పుడు ఎవరూ అనుకోని గొంతు ఒకటి వినిపించింది. ప్రవళిక చెవుల దాకా ఎర్రబడి ఉంది. “సార్, బోర్డు మీద నేను రాస్త. పుస్తకం నేను చూసుకుంట. అక్క చెప్తే నేను రాస్త.” అంతవరకే అని మళ్ళీ గుంపు వెనక్కి వెళ్ళిపోయింది.

అక్టోబరు చివర్లో సమ్మె విరమించారు. బడి తెరిచిన రోజు పొద్దున్నే ముత్తవ్వను ఆఫీసుకు పిలిచాడు సారు. ఆమెకు కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

“ఆలోచించిన ముత్తవ్వా. పిల్ల చెప్పినట్టే చేద్దాం. నువ్వు చెప్పు, ప్రవళిక రాస్తది. నోట్సులు నిండుతయి, తల్లిదండ్రులకు నెమ్మది, నాకు నెమ్మది. సరేనా?”

“సరే సార్. ఒక్క ముచ్చట.”

“చెప్పు.”

“పెద్ద పిల్లలకు నోట్సు పెట్టుండ్రి. నర్సరోళ్ళకు మాత్రం వద్దు. ఆళ్ళకు ఇప్పుడిప్పుడే నోరు తిరుగుతున్నది. ఇప్పుడే చేతికి పెన్సిల్ ఇస్తే నోరు మర్సిపోతరు. ఆళ్ళు వరండాలనే ఉంటరు, నాతోని.”

ఇలా షరతు పెట్టి మాట్లాడటం ఆమె జీవితంలో అదే మొదటిసారి. సారు బల్ల మీది పేపర్‌వెయిట్ రెండుసార్లు తిప్పాడు.

“తల్లులు మళ్ళ అస్తరు లొల్లికి.”

“అస్తే నా దగ్గరికి తోలుండ్రి.”

“సరే. నర్సరీకి నోట్సు లేదు.”

ముత్తవ్వ కదల్లేదు.

“ఇంకేంది?”

“గది కాయితం మీద రాసి సంతకం పెట్టియ్యుండ్రి సార్.”

“నీకు చదవరాదంటివి గదా!”

“ప్రవళిక చదువుతది. మీరే గద సార్, రాతల లేనిది నమ్మనోళ్ళు.”

వెంకటేశం సారు పెద్దగా నవ్వి, స్కూలు లెటర్‌ప్యాడ్ ముందుకు లాక్కున్నాడు. ఆయన రాసినంతసేపూ ముత్తవ్వ నిలబడే ఉంది. సంతకం పక్కన స్కూలు ముద్ర కూడా వేయించుకుంది.